రెండో పెట్టెలోని పలువరస

నెలవంక అన్నది ఆ అమ్మాయికి ఇంట్లో పెట్టిన పేరు కాదు. ఐదో తరగతిలో పక్క బెంచీ పిల్ల ఒకతి డ్రాయింగు పుస్తకంలో వంపు తిరిగిన చందమామని గీసి, దానికి రెండు జడలు తగిలించి, కింద ఈమె పేరు రాసింది. ఆ రోజుతో అసలు పేరు అటకెక్కింది. పిల్లలు పెట్టే పేర్లలో దయ ఉండదు గానీ గురి తప్పదు. పక్కనుంచి చూస్తే నిజంగానే నుదురు కాస్త ముందుకు, ముక్కూ పెదవులూ లోపలికి, గడ్డం మళ్ళీ ముందుకు. కింది పళ్ళు పై పళ్ళని దాటి బయట నిలబడతాయి. ఇప్పుడామెకి ఇరవై నాలుగేళ్ళు. పేరు పెట్టిన పిల్ల ఎక్కడుందో తెలియదు, పేరు మాత్రం వదల్లేదు. కొత్తవాళ్ళకి ఇప్పుడు తనే ముందుగా చెప్పేస్తుంది, వాళ్ళకి చాటుగా అనుకునే శ్రమ లేకుండా.

పని పళ్ళ ల్యాబులో. దంత వైద్యులు రోగుల నోట్లో తీసిన అచ్చులు అక్కడికి వస్తాయి. వాటిలో ప్లాస్టర్ పోసి, ఆరబెట్టి, పై దవడా కింది దవడా తయారు చేసి, వాటి మీద కట్టుడు పళ్ళో తొడుగులో కట్టి పంపుతారు. ఒక మేడ మీద రెండు గదులు. ముందు గదిలో నాలుగు బల్లలు, ఒక సింకు, ఎప్పుడూ గాల్లో తేలే తెల్లటి పొడి. వెనక గదిలో నేలనుంచి పైకప్పు దాకా అట్టపెట్టెలు. ఒక్కో పెట్టెలో ఒక్కో మనిషి నోరు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు ఆ గదిలోకి వెళితే గొంతు తగ్గించి మాట్లాడతారు. నెలవంకకి ఆ జంకు లేదు. అన్ని నోళ్ళుండి ఒక్కటీ తనని ఏమీ అనని చోటు అదొక్కటే అంటుంది.

ల్యాబు యజమానిని అందరూ మాస్టారంటారు. ఆయనకో చాదస్తం. ఏ నోటి అచ్చునీ పారేయడు. ఎప్పుడో ఒకప్పుడు వచ్చి అడుగుతారంటాడు. ముప్పై ఏళ్ళలో ఏ మహానుభావుడూ వచ్చి నా పాత నోరు ఇవ్వండి అనలేదు. అయినా ఆయన దాస్తూనే ఉన్నాడు. పెట్టె మీద ఇంటిపేరు, పేరులో మొదటి అక్షరం, అంతే రాస్తాడు. తేదీని మాత్రం ప్లాస్టర్ అడుగున సూదితో గీస్తాడు. అచ్చులు పసుపెక్కకుండా సబ్బు నీళ్ళలో నానబెట్టి, గుడ్డతో రుద్ది, మెరిసేలా చేసి మరీ పెట్టెలో పెడతాడు.

నెలవంక ఇబ్బంది అద్దంతో కాదు, తిండితో. ముందు పళ్ళతో ఏదీ కొరకలేదు. ప్రతి ముద్దనీ దవడ పక్కకి నెట్టుకుని, వెనక రెండు పళ్ళతో నలిపి, సగం నలిగాక మింగేస్తుంది. నమిలినప్పుడల్లా చెవి ముందు కీలు టక్కుమంటుంది. పోయిన నెల ల్యాబులో మధ్యాహ్నం తింటూండగా ఒక ముక్క గొంతులో అడ్డం పడింది. ఊపిరి అందక, మాట రాక, బల్ల పట్టుకుని లేచి నిలబడింది. మాస్టారు పరుగున వచ్చి వీపు మీద గట్టిగా చరిస్తే గానీ అది కదల్లేదు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఆ భయంతోనే మొన్న శనివారం దవడ సర్జన్ దగ్గరికి వెళ్ళింది. ఎముక ఎదుగుదల ఆగిపోయింది కనక చేయించుకోవాలంటే ఇదే వయసు అన్నాడాయన. కింది దవడని రెండు వైపులా కోసి, ఏడు మిల్లీమీటర్లు వెనక్కి జరిపి, చిన్న పలకలతో బిగిస్తారు. ఆరు వారాలు నీళ్ళూ జావలే. కింది పెదవి మొద్దుబారొచ్చు, కొందరికి ఆ మొద్దు ఎప్పటికీ పోదు. మొహం మారుతుంది. ఏదీ దాచకుండా ఇవన్నీ చెప్పి, అచ్చులు తీసి మీ ల్యాబుకే పంపిస్తాను, ముందు ప్లాస్టర్ మీద కోసి చూసుకోండి, శుక్రవారం సాయంత్రంలోగా అవునో కాదో చెప్పకపోతే ఆ తేదీ ఇంకొకరికి ఇచ్చేస్తాను అన్నాడు.

"ఇంట్లో అడిగి చెప్తాను," అంది నెలవంక.

ఇంట్లో అడగడానికి ఉన్నది ఇద్దరే, అమ్మా నాయనమ్మా. నాన్న ఆమెకి మూడేళ్ళప్పుడు పోయాడు. ఆయనకప్పుడు ఇరవై తొమ్మిది. గుండె ఆగిపోయిందని చెప్పారు. గోడ మీద ఉన్న ఒక్క ఫోటో ఎదురుగా తీసింది, నోరు మూసుకుని ఉంటాడు. ఆయన నుంచి కూతురికి వచ్చిన ఆస్తి గడ్డం ఒక్కటే అని చుట్టాలు జాలిగా అంటారు. తమకేం వచ్చిందో మాత్రం చెప్పరు.

నాయనమ్మకి చూపు పోయి ఏడేళ్ళయింది. బుర్ర మాత్రం చాకు. ఏ డబ్బాలో ఏముందో, ఎవరు ఏ రోజు వచ్చి ఏం మాట్లాడి వెళ్ళారో కుర్చీలోంచి కదలకుండా చెప్పేస్తుంది. నెలవంక వంటింట్లోంచి మాట్లాడితే "ఏమే పిల్లా" అని పలుకుతుంది. కానీ సాయంత్రం ల్యాబు నుంచి రాగానే చెయ్యి చాపుతుంది, నెలవంక వంగుతుంది, ఆ చెయ్యి చెంప మీదుగా జారి గడ్డాన్ని పట్టుకుంటుంది. అప్పుడు ఆమె మొహం వెలిగిపోతుంది.

"ఒరేయ్, వచ్చావా," అంటుంది.

మొదట్లో తల్లీకూతుళ్ళు నవ్వుకునేవాళ్ళు. తర్వాత నవ్వు మానేశారు. ఎందుకంటే ఆ గడ్డం చేతిలో ఉన్నంతసేపూ ఆమె మాట్లాడేది కొడుకుతోనే. చెయ్యి తీశాక మళ్ళీ మామూలుగా, పిల్ల ఇంకా రాలేదేమే అని కోడల్ని అడుగుతుంది. నెలవంక ఆ గుమ్మం దగ్గరే నిలబడి ఉంటుంది.

ఇక అమ్మ. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. మాట తక్కువ మనిషి. ఆమెకో అలవాటుంది. కూతురు తింటున్నప్పుడు ఎదురుగానే కూర్చుంటుంది, పక్కన కూర్చోదు. కూతురు చివరి ముద్ద మింగేదాకా తన కంచంలో ఏమీ వడ్డించుకోదు. కళ్ళు మాత్రం కూతురి నోటి కిందే ఉంటాయి, రెప్ప వేయకుండా. నెలవంక ఊహ తెలిసినప్పటినుంచీ ఆ చూపు కింద తింటూ పెరిగింది. కన్నతల్లే ఓర్చుకోలేని గడ్డం నాది అనుకుంది. ఒకసారి అలా అనుకున్నాక ఇంకెప్పుడూ అడగలేదు.

సర్జరీ మాట సోమవారం చెవిన వేసింది. అమ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది. దారం కన్నం దగ్గరే ఆగిపోయింది. "నీ ఇష్టం" అంది. నాయనమ్మకి అసలు చెప్పనే లేదు. చెబితే ఏమని చెప్పాలి, నీ కొడుకుని ఏడు మిల్లీమీటర్లు వెనక్కి నెట్టేస్తున్నానని చెప్పాలా?

అచ్చులు మంగళవారం ల్యాబుకి వచ్చాయి. మాస్టారు తన చేత్తోనే పోసి, రుద్ది, పెట్టెలో పెట్టాడు. కోసే పని నేను చేస్తానంది నెలవంక. ఎవరి నోరు వాళ్ళు కోసుకోకూడదని మాస్టారు అభ్యంతరం చెప్పాడు. ఇంకొకరు కోస్తే నాకు నొప్పి, నేను కోసుకుంటే పని, అందామె. ఆయన గొణుక్కుంటూ తప్పుకున్నాడు.

ఆ వారమే వెనక గది గోడ చెమ్మెక్కి సున్నం వేయిస్తున్నారు. సగం పెట్టెలు తెచ్చి ముందు గదిలో ఎక్కడపడితే అక్కడ పేర్చారు. నెలవంక బల్ల పక్కన మొదటి దొంతరలోనే తన ఇంటిపేరూ తన అక్షరమూ ఉన్న పెట్టె కనబడింది. తీసింది. రెండు దవడలు. రంగు కాస్త తేడాగా అనిపించింది, సున్నం పొడి పడిందనుకుంది. పళ్ళు మాత్రం తనవే. కింద ఎడమ వైపు కోరపన్ను పక్కది మెలిక తిరిగి ఉంది. ముందు పన్నుకి మూల విరిగి ఉంది. తొమ్మిదేళ్ళప్పుడు బడి మెట్ల మీద పడి విరగ్గొట్టుకున్న పన్ను అది. బొటనవేలితో ఆ విరుపుని తడిమి, సరే కానీ, అనుకుంది.

దవడల్ని నోరులా తెరుచుకుని మూసుకునే కీలు చట్రానికి ప్లాస్టర్‌తో అతికించింది. కదిలింది ఎంతో తెలియడానికి పై దవడ మీదనుంచి కింది దవడ మీదికి పెన్సిలుతో నిలువు గీతలు గీసింది. అది ఆ పనిలో మొదటి నియమం. కోశాక గీత విరుగుతుంది, ఆ విరుపుని కొలిస్తే జరిగిన దూరం తెలుస్తుంది. తర్వాత సన్నరంపం తీసి కింది దవడని అడుగు నుంచి కోసింది. పొడి ఒళ్ళో రాలింది. చిత్రంగా చెవి ముందు కీలులో నొప్పి లేదు. ఏడు మిల్లీమీటర్లు వెనక్కి జరిపి, మైనం కరిగించి అతికించి, చట్రం మూసింది. పై పళ్ళు కింది పళ్ళ మీదికి ఒద్దికగా వచ్చి కూర్చున్నాయి. ఆమె చాలాసేపు చూసింది. ఆ నోరు ఎవరిదో మర్యాదస్తుడైన కొత్త మనిషిదిలా ఉంది. దాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసి ఇంటికెళ్ళింది.

బుధవారం పొద్దున్న సున్నం వేసేవాళ్ళకి దారివ్వడానికి దొంతరలు జరుపుతూంటే తన పేరు మళ్ళీ కనబడింది. ఇంటిపేరు, అక్షరం. పెట్టె మూత తెరిచింది.

లోపల ఆమె పళ్ళున్నాయి. కోసిన గుర్తు లేదు, మైనం లేదు. మెలిక తిరిగిన పన్నూ విరిగిన మూలా చెక్కుచెదరకుండా ఉన్నాయి.

బీరువా దగ్గరికి వెళ్ళి తాళం తీసింది. నిన్న కోసిన దవడ పెట్టినచోటే ఉంది, గీతలు ఏడు మిల్లీమీటర్ల దగ్గర విరిగే ఉన్నాయి. రెండూ తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. మాస్టారు రెండు జతలు పోశారేమో అనుకుని అడిగింది. ఒకటే పోశానన్నాడాయన. కొలత పనిముట్టు తీసి పన్ను పన్నూ కొలిచింది. ఒక్కచోట కూడా తేడా రాలేదు.

చివరికి కోసినదాన్ని చట్రంనుంచి ఊడగొట్టింది. అతుకు ప్లాస్టర్ పెచ్చులుగా లేచింది. అడుగున సూదితో గీసిన తేదీ ఉంది, మాస్టారి చేతిరాతే. అది ఆమె పుట్టడానికి రెండేళ్ళ ముందటి తేదీ.

మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాసేపు అద్దాలు తుడుచుకున్నాడు. ఉద్యోగం అడగడానికి నువ్వు గుమ్మంలోకి వచ్చినప్పుడే గడ్డం చూసి ఎవరి పిల్లవో తెలిసిపోయింది అన్నాడు. మీ నాన్న ఇరవై నాలుగేళ్ళప్పుడు ఇదే పని మీద వచ్చాడు. ఆయన అచ్చు రెండు జతలు పోశాను, ఒకటి కోసి చూపించాను, అది ముక్కలైపోయింది, కోయనిది దాచాను. ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరు, పేరులో ఒకటే మొదటి అక్షరం, నువ్వు నిన్న కోసింది దాన్నే. ఇదే స్టూలు మీద మూడుసార్లు వచ్చి కూర్చున్నాడు. కోసిన నోటిని చూసేవాడు, లేచి వెళ్ళేవాడు. మూడోసారి వెళ్తూ ఒక మాటన్నాడు, ఆ తర్వాత మళ్ళీ రాలేదు.

ఏమన్నాడని అడిగింది.

"ఇంట్లో అడిగి చెప్తాను అన్నాడు."

అదే మాట, అనుకుంది నెలవంక. తను ఆ మాటని సర్జన్ గదిలో అంది, మాస్టారు అక్కడ లేడు. విరిగిన పన్ను మీద వేలు పెట్టి, మరి ఇది? అంది. ఆయన భూతద్దం తెచ్చి ఒక దవడని చూశాడు, రెండో దవడని చూశాడు, మళ్ళీ మొదటిదాన్ని చూశాడు.

"ఎముక వంశంలో వస్తుందమ్మాయ్. పన్ను మెలిక కూడా వస్తుంది. దెబ్బ తగలడం వంశంలో రాదు," అన్నాడు.

భూతద్దం బల్ల మీద పెట్టి, సున్నం వాళ్ళకి ఏదో చెప్పే మిషతో వెనక గదిలోకి వెళ్ళిపోయాడు.

నాన్న పెట్టెని బోర్లించి దులిపితే అడుగున మడిచిన కాగితం కింద ఒక పొట్లం దొరికింది. దానిలో గుర్రపు లాడం ఆకారంలో పారదర్శకమైన ప్లేటు. దవడ సర్జరీకి ల్యాబులో తయారు చేసేది అదే. దానికి పైన పై పళ్ళ గుంటలు, కింద కొత్త స్థానంలో కింది పళ్ళ గుంటలు ఉంటాయి. కోసిన దవడని ఎక్కడ ఆపాలో సర్జన్‌కి చెప్పేది ఈ ప్లేటే. నెలవంక దాన్ని కడిగింది. అద్దం ముందు నిలబడి, చేయకూడదని తెలిసీ, నోట్లో పెట్టుకుంది.

పై పళ్ళు ఒక్కొక్కటీ తన గుంటలో తను దిగింది. ఎక్కడా బిగువు లేదు. ఎన్నోసార్లు పెట్టుకున్న వస్తువులా ఉంది. నోరు మూయబోతే కింది పళ్ళు అంచుకి కొట్టుకుని ఆగిపోయాయి. కింది గుంటలన్నీ ఖాళీగా, ఏడు మిల్లీమీటర్ల వెనక ఉన్నాయి. ఇరవై ఆరేళ్ళుగా అవి అలాగే ఎదురుచూస్తున్నాయని ఆమెకి అనిపించింది. అప్పుడు పై పెదవి మీద వెచ్చటి ఊపిరి తగిలింది. తన ఊపిరే అయ్యుండాలి. కానీ ఆ క్షణాన తను ఊపిరి బిగబట్టి ఉంది. ప్లేటు తీసి, గుడ్డలో చుట్టి, సంచిలో వేసుకుంది.

ఆ సాయంత్రం భోజనం దగ్గర అమ్మ ఎప్పటిలాగే ఎదురుగా కూర్చుంది. నాయనమ్మ ముందే తిని లోపల పడుకుంది. నెలవంక నోట్లో ముద్ద పెట్టుకోకుండా, గుడ్డ విప్పి ప్లేటు కంచం పక్కన పెట్టింది. అమ్మ దాన్ని చూసింది. అదేమిటని అడగలేదు. నెలవంక పొద్దున్న జరిగిందంతా చెప్పి, నాన్నకి ఆ పన్ను ఎలా విరిగిందని అడిగింది.

"తొమ్మిదో ఏట. బడి మెట్ల మీద. మూడో మెట్టు," అంది అమ్మ. "నువ్వు పడ్డావని బడి నుంచి కబురొచ్చినప్పుడు నేను ముందు నీ నోరు చూడలేదు. ఏ మెట్టు మీద పడ్డావో అడిగాను."

ఆ తర్వాత ఆమె ఆపకుండా మాట్లాడింది. ఇన్నేళ్ళలో అన్ని మాటలు కూతురు ఆమె నోట వినలేదు. ఆయనకి ఏ వయసులో ఏం జరిగిందో అత్తగారు కథలు కథలుగా చెప్పేది. పదకొండేళ్ళకి చెయ్యి విరిగింది, పదహారుకి కామెర్లొచ్చాయి. ఆయన పోయాక, కూతురు పెరుగుతున్నకొద్దీ, అన్నీ అదే వరసలో వస్తూ పోయాయి. పదకొండేళ్ళకి చేతికి కట్టు. పదహారుకి పచ్చకళ్ళు. ఎవరితోనైనా చెబితే పిచ్చిదంటారని దాచుకుంది. ఇరవై నాలుగు కోసం భయపడుతూ ఉంది. సోమవారం సర్జరీ మాట వినగానే చేతిలో దారం ఎందుకు ఆగిందో ఇప్పుడు నెలవంకకి అర్థమైంది.

ఆయన ఇంట్లో అడిగాడు, పెళ్ళయి అప్పటికి ఆరు నెలలు, అంది అమ్మ. ఈ మొహాన్ని చూసి చేసుకున్నాను, మార్చుకుంటే పొద్దున్నే లేచి ఎవరో అనుకుంటాను, వద్దు అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆయనా నవ్వుతూనే మానేశాడు.

నాన్న పోయింది గుండెతో కదా అంది నెలవంక.

"గుండె కాదు. ఇదే బల్ల దగ్గర. అదిగో, నువ్వు కూర్చున్న కుర్చీ. సరిగా నమలలేక ఎప్పుడూ సగం ముద్ద మింగేవాడు. ఆ రోజు అడ్డం పడింది. నేను వంటింట్లో ఉన్నాను. మాట రాలేదు కదా, పిలవలేకపోయాడు. వచ్చేసరికి..."

కొంగు సవరించుకుని మళ్ళీ అందుకుంది. "అత్తయ్యకి గుండె అని చెప్పాను. అప్పట్నించీ నువ్వు తింటుంటే వంటింట్లోకి పోలేను. నీ గొంతు చూస్తూ కూర్చుంటాను, ముద్ద దిగిందా లేదా అని."

నెలవంకకి కన్నీళ్ళు ఆగలేదు. ఇరవై ఏళ్ళు ఆ చూపుని అసహ్యం అనుకుని దాని కింద తలదించుకుని తింది. ఆ చూపు గడ్డాన్ని చూడనే లేదు, గొంతుని కాపలా కాసింది. పోయిన నెల ల్యాబులో జరిగింది అప్పుడు చెప్పేసింది. అమ్మ మొహం తెల్లబోయింది. మరి సోమవారం చేయించుకో అని ఎందుకు చెప్పలేదని నెలవంక నిలదీసింది. ఒకసారి నా మాట విని ఒక మనిషి పోయాడు, మళ్ళీ నా నోటితో అవునని గానీ కాదని గానీ అనలేను, అది నీ మీద వదిలేశాను అంది అమ్మ. అది పిరికితనమో ప్రేమో తేల్చే ఓపిక ఆ సాయంత్రం ఇద్దరికీ లేదు.

గురువారమంతా నెలవంక మనసు మనసులో లేదు. బల్ల మీద పని పెట్టుకుని కూర్చుని, ఒక్క పన్నూ పూర్తి చేయలేదు. ఆయన వద్దనుకుని ఐదేళ్ళు బతికాడు. తనూ వద్దనుకుంటే వరస తప్పకుండా ఆ ఇరవై తొమ్మిది దగ్గరికే తీసుకెళుతుంది, ఆ కుర్చీ దాకా. సరే, చేయించుకుంటుంది. అప్పుడు నాయనమ్మ చెయ్యి చాపితే ఏం దొరుకుతుంది? ఏడేళ్ళుగా రోజూ సాయంత్రం కొడుకు ఇంటికొస్తున్నాడా ముసలామెకి. తన ప్రాణం కోసం ఆమె కొడుకుని రెండోసారి పంపేయాలి. ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని పైకి అనడానికి ఆమెకే సిగ్గేసింది. నాన్న గొంతు ఆమెకి గుర్తు లేదు. నడక గుర్తు లేదు. ఆయనది తన దగ్గరున్నది ఈ ఎముక ఒక్కటే. అద్దంలో దాన్ని తిట్టుకుంటూనే ఇన్నాళ్ళూ దానితో మాట్లాడింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే నాయనమ్మ చెయ్యి చాపింది. గడ్డం పట్టుకుంది. కానీ ఎప్పటిలా వెంటనే వదల్లేదు. బొటనవేలు దవడ అంచు వెంట, చెవి దాకా, మళ్ళీ కిందికి నడిచింది.

"ఒరేయ్, ఆకలేస్తోందా," అంది. "ఎన్నాళ్ళయిందిరా నువ్వు కడుపు నిండా తిని."

వంటింట్లో గిన్నె కింద పడింది. నాయనమ్మతో ఎవరూ ఏమీ అనలేదని అమ్మ ఆ తర్వాత ఒట్టేసి మరీ చెప్పింది. నెలవంక ఆ ముడతల చేతిని పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నాయనమ్మకి తెలుసో తెలియదో అడగాలని నోటిదాకా వచ్చింది గానీ, అడిగే ధైర్యం లేకపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం ల్యాబులో అందరూ తినడానికి కింద హోటలుకి దిగారు. నెలవంక వెళ్ళలేదు. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. పొరపాటున కోసిన నాన్న దవడని తీసి, బుధవారం తను ఊడగొట్టిన అతుకులు శుభ్రం చేసి, మళ్ళీ చట్రానికి ఎక్కించింది. ఆయన నోటికి మిగిలిన ఒక్క గుర్తునీ రంపంతో కోసేశానని రెండు రోజులుగా బాధ పడుతోంది. ఇప్పుడు దాన్ని చూస్తే ఆ బాధ లేదు. ఎవరో ఒకరు చేయాల్సి ఉండి ఆగిపోయిన పనిలో సగం తను తెలియక చేసింది, అంతే కదా అనుకుంది.

సంచిలోంచి ప్లేటు తీసింది. పై పళ్ళకి ఆనించింది, దిగింది. చట్రం పై భాగాన్ని నెమ్మదిగా కిందికి దించింది. కింది పళ్ళు వాటి గుంటల్లోకి వెళ్ళి కూర్చున్నాయి. చిన్న చప్పుడైంది. వెలితి లేదు, ఊగడం లేదు. ఆ దవడ ఇరవై ఆరేళ్ళకి మూసుకుంది.

గదిలో ఏదో ఆగిపోయినట్టనిపించింది. అంతసేపూ ఏ చప్పుడు వినబడుతూ వచ్చిందో ఆమెకి తెలియలేదు. అది లేకపోవడం మాత్రం తెలిసింది. వెనక గదిలో పెట్టెల వైపు చూసింది, ఎవరూ లేరు. చెయ్యి దానంతటదే తన చెవి ముందు కీలు మీదికి పోయింది. నోరు తెరిచి మూసింది. ఊహ తెలిశాక మొదటిసారి ఆ కీలు టక్కుమనలేదు.

నెలవంక ఫోను తీసి సర్జన్ గదికి చేసింది. నర్సు ఎత్తింది. తేదీ ఖాయం చేయమని చెప్పింది. ఇంట్లో అడిగారా అని నర్సు మామూలుగా అడిగింది. అడిగాను, అంది నెలవంక. తర్వాత నాన్న పెట్టెకి దారం కట్టి వెనక గదిలో సున్నం ఆరిన గోడ వైపు అరలో పెట్టింది. తన పెట్టె తెరిచి, తన కోసం కొత్త ప్లేటు పని మొదలుపెట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాయనమ్మ గుమ్మం పక్కన కుర్చీలోనే ఉంది. నెలవంక గుమ్మంలో ఆగింది. ఇంకా ఏ కత్తీ తగల్లేదు, గడ్డం నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది, ఇంకో మూడు వారాలు అలాగే ఉంటుంది, భయమెందుకని తనకి తనే నచ్చజెప్పుకుని వంగింది. చెయ్యి చెంప మీద నుంచి జారింది. గడ్డాన్ని పట్టుకుంది. వదిలింది. మళ్ళీ పట్టుకుంది. వేళ్ళు దవడంతా తడిమాయి, పోగొట్టుకున్న వస్తువుని పరుపు మీద వెతుకుతున్నట్టు.

"ఏమే పిల్లా, నువ్వా," అంది నాయనమ్మ. "వాడేడీ?"

వంటింటి గుమ్మంలో అమ్మ వచ్చి నిలబడింది.

"ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నాడే. ఎప్పుడెళ్ళాడు?"

"ఇవాళ మధ్యాహ్నం, నాయనమ్మా."

ముసలామె చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. చూపు లేని కళ్ళు వీధి వైపు తిరిగి ఉన్నాయి.

"తినే వెళ్ళాడా?"

నెలవంక అమ్మ వైపు చూసింది. అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"తినే వెళ్ళాడు," అంది నెలవంక. "బాగా నమిలి తిన్నాడు."

నాయనమ్మ తలూపింది. సరే అయితే, అని కుర్చీలో వెనక్కి వాలింది. అమ్మ లోపలికి వెళ్ళి మూడు కంచాలు తెచ్చింది. మొదటిసారిగా మూడింటిలోనూ ఒకేసారి వడ్డించి, కూతురికి ఎదురుగా కాకుండా పక్కన కూర్చుంది.